చిన్నదా, పెద్దదా

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకీ మంచి పేర్లే ఉన్నాయి. బడి రిజిస్టర్లలో, గుర్తింపు కార్డుల మీద తప్ప వాటితో ఎవరికీ పని పడలేదు. తండ్రి నోట్లో వాళ్లెప్పుడూ పెద్దది, చిన్నది. "పెద్దది వచ్చిందా? చిన్నది తిన్నదా?" అనే మాటలతోనే, వాళ్ల బడి రోజుల్లో, ఆయన సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేవాడు. ఎదిగాక కూడా పిల్లల్ని అలా సామాన్లను పిలిచినట్టు పిలుస్తారేమిటండీ అని ఎవరైనా మందలిస్తే, సామాన్లకు ఇంత నోరు ఉండదు కదండీ అని నవ్వేసేవాడు.

పోయిన వానాకాలంలో చిన్నమ్మాయికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆసుపత్రికి తన కాళ్లమీద తానే నడిచి వెళ్లింది. మళ్లీ ఇంటికి రాలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో 'చిన్నది' అనే మాట ఆగిపోయింది. అది ఎందుకు ఆగిందో ఎవరికైనా అర్థమవుతుంది. దానితోపాటు 'పెద్దది' అనే మాట కూడా పోయింది. ఒక్కర్తే మిగిలాక ఎవరికి పెద్దది? తండ్రి ఇప్పుడు ఆమెను "ఇదిగో" అంటున్నాడు. ఎక్కువసార్లు అదీ అనకుండా, ఎదురుగా వచ్చి నిలబడి చెప్పాల్సింది చెప్పి వెళ్తున్నాడు.

దీనికి పెద్దమ్మాయి బాధపడిందా అంటే చెప్పడం కష్టం. వానాకాలం నుంచి ఆమెకు ఏదీ సరిగ్గా తగలడం లేదు. పన్ను పీకడానికి మత్తుసూది వేశాక చెంప తడుముకుంటే అది ఎవరిదో చెంపలా ఉంటుంది కదా, ఆమెకు ఒళ్లంతా అలాగే ఉంది. కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగం. వచ్చినవాళ్ల ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని అడగడమే పని. ఏడుపు రాలేదు కాబట్టి తొందరగానే పనిలో చేరింది. చూసినవాళ్లు గుండె రాయి చేసుకుందన్నారు. ఆమె చేసుకున్నదేమీ లేదు, దానంతట అదే అయింది.

మొద్దుబారిన ఆ మనసులో ఒక్క ప్రశ్న మాత్రం ముల్లులా మిగిలింది. పోవాల్సింది నేనని నాన్నకు అనిపిస్తోందా?

అలా అనుకోవడానికి ఆమెకు కారణాలున్నాయి. తండ్రిది దోమతెర తలుపులు, కిటికీలు తయారుచేసి ఇళ్లకు బిగించే కొట్టు. చిన్నమ్మాయి చదువు అబ్బక కాదు, చదువంటే ఒళ్లుమంట పుట్టి కొట్లో చేరింది. అల్యూమినియం కోసేది, మెష్ ముడత లేకుండా లాగి బిగించేది, పికప్ బండి తోలేది, బేరం దగ్గర ఎదుటివాళ్ల నోరు మూయించేది. తండ్రీ కూతుళ్లు పొద్దున ఒకే బండిలో వెళ్లి, సాయంత్రం ఒకే దుమ్ముతో ఇంటికొచ్చేవాళ్లు. పెద్దమ్మాయి శుభ్రమైన చేతులతో తలుపు తీసేది. అంతే, వాళ్ల పనిలో ఆమె పాత్ర.

ఇప్పుడు ఆ బండి ప్రాణం మీదికి వచ్చింది. అడుగున ఛాసీ తుప్పు పట్టి, వేలు పెడితే పొడి రాలుతోంది. దీన్ని నడపడమంటే రోడ్డు మీదున్న వాళ్లందరికీ ఎసరు పెట్టడమే అని మెకానిక్ చేతులెత్తేశాడు. అద్దె బండ్లవాళ్లు తలుపుల్ని కట్టెల్లా విసిరేస్తుంటే ఫ్రేములు వంకర పోతున్నాయి. ఇక తప్పదని తండ్రి కొత్త బండి చూడటానికి బయల్దేరాడు.

"నువ్వూ వెళ్లు," అంది తల్లి పెద్దమ్మాయితో. "మీ నాన్నని ఒక్కర్నీ పంపితే ఏది చూపిస్తే దానికి తల ఊపి వచ్చేస్తారు. ఈ మధ్య అన్నిటికీ తలే ఊపుతున్నారు."

షోరూములో నేల అద్దంలా ఉంది. అంత మెరిసే నేల మీద అంత మొరటు బండ్లు నిలబెట్టడంలో అర్థమేమిటో దాన్ని కట్టినవాళ్లకే తెలియాలి. బండ్లు చూపించడానికి ఒక నడివయసు మనిషి వచ్చాడు. మెడలోని టై బొజ్జ దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఎటు పోవాలో తెలియక పక్కకు ఒరిగింది. మనిషి మంచివాడే, పని తెలిసినవాడే.

"మీలాంటి వాళ్లకు రెండు రకాలున్నాయి సార్. చిన్నది, పెద్దది. ఏది చూపించమంటారు ముందు?"

తండ్రి నేల మీద పలకల అతుకుల్ని చూస్తూ ఉండిపోయాడు.

"వాటికి పేర్లున్నాయి కదండీ," అంది పెద్దమ్మాయి.

"ఉన్నాయి మేడమ్. కంపెనీవాళ్లు పెట్టినవి. ఆ అక్షరాలూ అంకెలూ నాకే నోరు తిరగవు."

"పోనీ, రంగుతో చెప్పండి. ఒకటి తెల్లది, ఇంకోటి ఏ రంగు?"

"నీలం మేడమ్. సరే, అలాగే చెప్తాను." టై సర్దుకుని మొదలుపెట్టాడు. "ఇదిగో సార్, ఈ తెల్లది. దీనికి ఛాసీ వేరు, పైన బాడీ వేరు, పాత లారీల పద్ధతి. ఎంత బరువు వేసినా కిక్కురుమనదు. వెనక ఇంకో బండిని కట్టి లాగినా లాగుతుంది. ఇక నీలంది కారు పద్ధతిలో కట్టింది. ఛాసీ, బాడీ అంతా ఒకటే. అందుకని చిన్నది కారులాగే మెత్తగా పోతుంది. చిన్నదాని తిండి కూడా తక్కువ సార్, పెద్దది తాగేదాంట్లో..."

నిజానికి అతని తప్పేమీ లేదు. పొద్దస్తమానం ఆ మాటే నోట్లో నానుతుంటే, మధ్యలో వచ్చిన ఒక్క కుటుంబం కోసం నాలుక ఎంతసేపని జాగ్రత్తగా ఉంటుంది?

"నీలంది కనబడదేం?" అంది పెద్దమ్మాయి, మాట మార్చడానికి.

"కడగడానికి పంపాం మేడమ్." అతను అద్దాల గోడలోంచి బయటికి చూశాడు. "అదిగో సార్, చిన్నది వచ్చేస్తోంది."

తండ్రి గిరుక్కున తల తిప్పి తలుపు వైపు చూశాడు. ఆ క్షణంలో ఆయన మొహాన్ని పెద్దమ్మాయి చూసింది. పిల్లల బడి రోజుల్లో సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూ ఎవరెవరు ఇంట్లో ఉన్నారో వెతుక్కునే పాత మొహం. తలుపు అవతల నీళ్లు కారుతున్న నీలం బండి వచ్చి ఆగింది. తండ్రి దాన్ని కాసేపు చూసి, జేబులోంచి కొలత టేపు తీసి దాని వెనక తొట్టి దగ్గరికి వెళ్లాడు. కొలవడం ఆయనకు నిద్రలో కూడా వచ్చే పని.

"పొట్టి," అన్నాడు. "మా తలుపు ఏడడుగులు."

"వెనక తలుపు దించితే కొంత కలిసొస్తుంది సార్. పైన ఇనపచట్రం వేయించుకుంటే తలుపులు పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చు. ఇంతకీ బరువెంత ఉంటుంది సార్ మీ సరుకు?"

"బరువేముంది? తెరలే కదా."

మొదట తెల్ల బండి తోలి చూశారు. ఎక్కడానికి పిడి పట్టుకుని ఒళ్లు పైకి లాక్కోవాల్సి వచ్చింది. తండ్రి మోకాలు కిర్రుమన్నది పక్క సీట్లో ఉన్న పెద్దమ్మాయికి వినబడింది. పైనుంచి చూస్తే ముందున్న కార్లన్నీ బొమ్మల్లా ఉన్నాయి. బలం ఉన్న బండే, అందులో సందేహం లేదు. ఖాళీగా ఉండడంతో ప్రతి గుంటకీ వెనక భాగం ఎగిరిపడింది. "బరువు వేస్తే కుదురుగా పోతుంది సార్," అన్నాడు వెనక సీట్లోంచి టై మనిషి. "ఖాళీగా తిరిగితే మాత్రం ఇంతే. అమ్ముకునేటప్పుడు మంచి ధర వస్తుంది, అది ఒప్పుకోవాలి." మార్కెట్ వెనక వీధిలో మలుపు తిప్పడానికి తండ్రి ముందుకూ వెనక్కూ చాలా అవస్థ పడ్డాడు. వెనకాల ఒకతను హారన్ మీదినుంచి చెయ్యి తీయలేదు. తండ్రికి అది చెవిన పడినట్టే లేదు.

పెద్దమ్మాయి తన కళ్లద్దాల దుకాణంలో అడిగినట్టే అడిగింది. రోజువారీ తిరగడానికి ఎలా ఉంటుంది, టైర్ల ఖరీదెంత, ఎంత సందులో పడుతుంది, పదేళ్ల తర్వాత ఏది నిలుస్తుంది. జవాబులు చెవిలోకి వెళ్తున్నాయి, లోపల ఎక్కడా ఆగడం లేదు. చెల్లెలు ఉంటే ఈ టై మనిషిని మూడు చెరువుల నీళ్లు తాగించేదనుకుంది. అనుకున్నా ఏమీ అనిపించలేదు.

తర్వాత నీలం బండి. కూర్చోవడానికి ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవడమే. గుంటలు ఉన్నాయో లేవో తెలియలేదు. తండ్రి భుజాలు కిందికి దిగాయి. వేళ్లు స్టీరింగు మీద వదులయ్యాయి. ఇందాకటి వీధిలోకే మళ్లీ తిప్పాడు. అదే మలుపు. ఒక చేత్తోనే తిప్పాడు, బండి గోడకు తగలకుండా ఒక్కసారికే తిరిగి అవతల పడింది.

"చూశావే చిన్నదానా," అన్నాడు తండ్రి, కళ్లు రోడ్డు మీదే ఉంచి, పక్క సీటు వైపు కొంచెం తల వంచి. "ఒక్క తిప్పుకే వచ్చేసింది."

పక్క సీట్లో పెద్దమ్మాయి ఉంది.

"ఊఁ, చూశా," అంది.

"అదే సార్ చిన్నదాని గొప్పతనం," అన్నాడు వెనకనుంచి టై మనిషి, తన బండిని మెచ్చుకున్నాడనుకుని మహా సంబరపడిపోతూ. "అందరూ ఆ మలుపు దగ్గరే దీనికి పడిపోతారు."

తండ్రి షోరూము వచ్చేదాకా బండి చాలా నెమ్మదిగా తోలాడు.

లోపలికి వచ్చాక టై మనిషి మొహమాటం పక్కన పెట్టాడు. పెద్ద బండి అమ్మితే అతనికే నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయి. అయినా ఉన్న మాట చెప్పాడు, దాన్ని మాత్రం మెచ్చుకోవాల్సిందే. "చూడండి సార్. మీకు బరువు లేదు, లాగుడు లేదు. తిరిగేదంతా ఊళ్లో, సందుల్లో. పెద్దది మీకు శుద్ధ దండగ. చిన్నది ఉంటే చాలు."

"అవును," అన్నాడు తండ్రి. "చిన్నది ఉంటే చాలు."

అతను కాగితాలు సిద్ధం చేయించడానికి లోపలికి వెళ్లాడు. తండ్రీ కూతుళ్లు గోడవార బెంచీ మీద కూర్చున్నారు. పెద్దమ్మాయి లేచి కాగితం గ్లాసుల్లో మంచినీళ్లు పట్టి, ఒకటి తండ్రి చేతిలో పెట్టి, మళ్లీ కూర్చుంది. ఆయన బండి గురించే అన్నాడని ఆమెకు తెలుసు. తెలిసినా ఆ మాట నిజమేనని కూడా అనిపించింది. ఇన్నాళ్లూ గొంతు దాటనిది, కోపం లేకుండా, ఏడుపు లేకుండా, ఎవరికో అద్దాలు మారుస్తూ అడిగినట్టు బయటికి వచ్చేసింది.

"నాన్నా, నేను పోయి అది మిగిలుంటే బాగుండేది కదూ?"

తండ్రి నీళ్లు తాగాడు. గ్లాసును బెంచీ మీద పెట్టాడు.

"కొట్టుకైతే బాగుండేది," అన్నాడు.

తీపి అబద్ధాలు ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు. పెద్దమ్మాయి తల ఊపింది. తగలాల్సిన దెబ్బే, తగిలినట్టు మాత్రం తెలియలేదు.

"నువ్వు పోయుంటే," అన్నాడు ఆయన మళ్లీ, "చిన్నది ఇక్కడే కూర్చుని ఇదే అడిగేది."

"అదెందుకు అడుగుతుంది? నీకు అదంటేనే కదా..."

"రోజూ అడిగేది. బండిలో అడిగేది, నిచ్చెన మీద నిలబడి అడిగేది. నీకు పెద్దదంటేనే ప్రాణం అనేది. దాన్ని చదివించావు, నా చేతికి రంపం ఇచ్చావు. దాన్ని నీడలో కూర్చోబెట్టావు, నన్ను ఎండలో తిప్పుతున్నావు. నేను పోతే నీకేం, పెద్దది ఉంటే చాలు నీకు అనేది."

పెద్దమ్మాయి ఆయన వైపు తిరిగింది. ఇది ఆమె ఎన్నడూ వినలేదు. చదువు వద్దని పుస్తకాలు గిరాటేసిన పిల్ల, అక్క శుభ్రమైన చేతులు చూసి కుళ్లుకుందని ఎవరనుకుంటారు? మూతి ముడుచుకుని, చెమట మొహంతో, స్క్రూడ్రైవరు ఊపుతూ తండ్రిని నిలదీస్తున్న చెల్లెలు ఆమెకు కనబడింది. ఆసుపత్రి మంచం మీద ఉన్నది కాదు. బతికున్నది.

"నువ్వేమనేవాడివి?"

"ఏమంటాను?" అన్నాడు తండ్రి. "వాగింది చాలు, స్క్రూలు అందుకో అనేవాణ్ణి."

ఇంకేదో చెప్పబోయాడు. మోకాళ్ల మీదికి వంగి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, మెరిసే ఆ నేల మీద, కొత్త బండ్ల మధ్య, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూస్తుండగా గొంతెత్తి ఏడ్చాడు. పెద్దమ్మాయి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. చొక్కా కింద ఎముకలు అదురుతుంటే ఆ అదురు ఆమె అరచేతిలోకి, మోచేతిలోకి, భుజంలోకి వచ్చింది.

తాళాలూ కాగితాలూ పట్టుకుని వస్తున్న టై మనిషి సగం దారిలో ఆగిపోయాడు. పాపం, అన్నేళ్ల ఉద్యోగంలో అతనికి ఇలాంటిది ఎదురుపడి ఉండదు.

"ఏమైంది మేడమ్?" అన్నాడు మెల్లగా. "సార్‌కి చిన్నది నచ్చలేదా?"

"నచ్చింది," అంది పెద్దమ్మాయి. ఖాళీ చేత్తో చెంప తడుముకుంది, తడి తగిలింది. "చిన్నదంటే మా నాన్నకు చాలా ఇష్టమండీ. నాకూ ఇష్టమే."