జీవిత భాగస్వామి గడి

మా ఇంటివాళ్లందరి ఫొటోలతో పుస్తకం వేసే పని మేనల్లుడు నెత్తికెత్తుకున్నాడు. పెద్దయినవాళ్లందరికీ తలా ఒక పేజీ. వాడు తెచ్చిన సాఫ్ట్‌వేర్ చాలా తేలిక. గడుల్లో పేర్లు నింపి, ఫొటోలు లాగి పడేస్తే అక్షరాలు, అంచులు, పేజీ నంబర్లు అన్నీ అదే చూసుకుంటుంది. మౌస్ పట్టుకోవడం రాని మా అన్నయ్య కూడా ఒక్క పూటలో తన పేజీ పూర్తి చేసి ఊరంతా చాటుకున్నాడు.

నా పేజీ దగ్గర అది మొరాయించింది. నా ఫొటో పెట్టాను. పక్కనే జీవిత భాగస్వామి గడి. అది నింపందే ముందుకు పోదు. నేను పెళ్లి చేసుకోలేదు. బడిలో లెక్కలు చెప్పాను, నా సంపాదన మీద నేను బతికాను. ఈ ఇంటి పిల్లలందరికీ ఎక్కాలు నేర్పింది కూడా నేనే.

"ఆ గడి తీసెయ్యరా," అన్నాను.

"తీయడం కుదరదత్తా. చేసినవాళ్లు అలా బిగించేశారు. అందుకే అంత తేలిక. నాన్న పేజీలో కింద 'ఇతరులు' అని నిన్ను వేస్తాలే."

కూరలో కరివేపాకులా నన్ను ఏరి పక్కన పెట్టడానికి వాడికి అరనిమిషం కూడా పట్టలేదు. ఒళ్లు మండింది. వాడి మీద కంటే, నాలాంటి మనిషి ఒకతి ఉంటుందని తోచని ఆ గడులు గీసినవాడి మీద ఎక్కువ మండింది.

"నా పేజీ నేనే చేసుకుంటాను," అన్నాను.

బడికి ప్రశ్నపత్రాలు తయారుచేయడానికి వాడిన పాత సాఫ్ట్‌వేర్ ఒకటి నా దగ్గరుంది. దానికి ప్రతిదీ రాసి చెప్పాలి. ఫొటో ఎంత వెడల్పు, ఎక్కడ నిలవాలి, పేరు ఎంత లావు, ఏదీ తనంతట తాను చేయదు. ఒక్క బ్రాకెట్ మర్చిపోతే పేజీ మొత్తం మాయం. మొదటిసారి నా సగం మొహం అంచు దాటి పోయింది. రెండోసారి తలకిందులుగా వచ్చాను.

అన్నయ్య తొంగిచూసి, "ఎందుకమ్మా ఈ తలనొప్పి? ఇతరుల్లో ఉంటే నీకేం తక్కువ?" అన్నాడు.

"అయితే నువ్వే ఉండు ఇతరుల్లో."

మళ్లీ అటువైపు రాలేదు.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వారం తిరిగేసరికి పేజీ వచ్చింది. నిండుగా నేను, చేతిలో సుద్దముక్క. పక్కన ఎవరూ లేరు, ఖాళీ కూడా లేదు. చూసుకుని నాకే గర్వంగా అనిపించింది.

మేనల్లుడు మూతి ముడిచాడు. "బాగానే ఉంది కానీ, మిగతావాటితో కలవడం లేదత్తా. అందరూ అడుగుతారు."

"అడగనీ. చెప్పడానికి నాకేం సిగ్గు?"

అప్పుడే వాడి అక్క లోపలికొచ్చింది. తనకు విడాకులై రెండేళ్లయింది. గడి ఖాళీగా ఉంచే వీల్లేక, తన పేజీలో తమ్ముడు ఆ పెద్దమనిషి ఫొటో అలాగే ఉంచేశాడు. ఇప్పుడు నా పేజీ మీదకు వంగి చూసింది.

"అత్తా, ఆయన్ని తీసేస్తే నా పేజీ చెడిపోతుందన్నాడు వీడు. నీ దాంట్లో కూడా చెడిపోతుందా?"

"చెడదు. కాకపోతే ఒళ్లొంచాలి."

"వంచుతాను."

"అక్కా, రేపే ప్రెస్సుకు పంపాలి," అన్నాడు వాడు.

"ప్రెస్సునే ఆగమను," అంటూ తను నా పక్కకు కుర్చీ లాక్కుంది.