రక్తం కంటే ముందొచ్చిన రిపోర్టు

రాజాంలో డాక్టరమ్మ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే అప్పలస్వామి పన్నెండేళ్లలో ఎవరిచేతా ఒక్క మాట అనిపించుకున్నవాడు కాదు. అలాంటి మనిషి ముందు ఓ సోమవారం పూట నూకయ్య తన రిపోర్టు పరిచాడు. పేరు రాయించుకున్నది తొమ్మిదీ పదికట, పరీక్ష పూర్తయింది తొమ్మిదింటికట.

"నా రక్తం రాకముందే అందులో పంచదార నీకు కనపడిపోనాదేటి బావా?" అన్నాడు.

బల్లల మీదున్న వాళ్లంతా నవ్వారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. పాత కాగితాలు తీయిస్తే అలాంటివి ఇంకో పదకొండు దొరికాయి. పరీక్ష చెయ్యకుండానే అంకెలు వేసేస్తున్నాడేమోనని ఆవిడకు అనుమానం వచ్చింది. వారంలోగా సంగతి తేలకపోతే వేరే మనిషిని చూసుకుంటానని మెల్లగానే చెప్పింది. ఆ మెల్లగా చెప్పడమే పాపం అతణ్ణి ఎక్కువ కోసింది.

పేర్లెక్కించే కంప్యూటరు ముందు గదిలో, పరీక్షల కంప్యూటరు వెనక గదిలో. రెండింటికీ మధ్య ఒకటే తీగ. బుధవారం విజయనగరం నుంచి కంప్యూటర్లు బాగుచేసే ప్రమోద్ వచ్చి తీగ పీకాడు, పెట్టాడు, రెండు తెరలూ చూశాడు. రెండింట్లోనూ ఒకే టైము. జబ్బే లేని రోగిని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. అప్పలస్వామికి తన కళ్ల మీదే నమ్మకం పోయింది. తానే ఎప్పుడో కునుకు తీశాడేమో, కల్లో పరీక్షలు చేశాడేమో!

ఇంటికెళ్లి ఆ పన్నెండు తేదీలూ క్యాలెండరులో వెతికాడు. అన్నీ సోమవారాలే. అప్పుడు ఇంకా అయోమయం. యంత్రానికి వారాలేమిటి?

మళ్లీ సోమవారం ఎనిమిదిన్నరకే ముందు గదిలో నిలబడ్డాడు. పేర్లెక్కించే సుభద్రమ్మ కంప్యూటరుకు బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించి, తెర మూల నొక్కి టైమును తొమ్మిదీ అయిదు చేసింది.

"అదేటమ్మా?" అన్నాడు అప్పలస్వామి.

"సోమారం తొమ్మిది దాకా రాహుకాలం కదా నాయనా. మొదటి పేరు అందులో ఎక్కిస్తే రోగికి మంచిది కాదు. సాయంత్రం కట్టేసినప్పుడు మళ్లీ సరిసేసేస్తన్నాను."

"గడియారం తిప్పితే రాహుకాలం ఎల్లిపోద్దేటి?"

"మరేటి సెయ్యమంటావు? వచ్చినోళ్లని తొమ్మిది దాకా ఎండలో నిలబెట్టమంటావా?"

అప్పలస్వామి డాక్టరమ్మను పిలుచుకొచ్చి చూపించాడు. ఆవిడ తెర మీది టైమును తన చేతి గడియారంతో పోల్చి చూసింది, ముప్పై అయిదు నిమిషాలు తేడా. తర్వాత నూకయ్యను పిలిపించి, అతని కాగితం మీద తొమ్మిదీ పది కొట్టేసి, ఎనిమిదీ ముప్పై అయిదు అని రాసి, కింద సంతకం చేసింది. తప్పు అప్పలస్వామిది కాదని అందరి ముందూ చెప్పింది.

నూకయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "అయితే నా పరీక్ష రాహుకాలంలోనే అయినట్టా?"

అతను చొక్కా చెయ్యి పైకి మడిచి అప్పలస్వామి ముందు కూర్చున్నాడు.

"ఇంకోపాలి తియ్యి బావా. ముందు ఇప్పుడు టైమెంతయిందో సెప్పు. నిజంది."