నడిమి గుంజ

షామియానా విప్పుకుపోదామని ఫక్రుద్దీన్ వచ్చేసరికి ఇంకా సాయంత్రం కాలేదు. సిద్దిపేట రిలే నిరాహార దీక్షా శిబిరంలో ఆనాటి వంతు వాళ్లు మెడల్లో వాడిన దండలతో కూచుని ఉన్నారు. నిమ్మరసం తాగి వాళ్లు లేచేదాకా నెత్తిమీది నీడ తీయడానికి అతనికి చెయ్యి రాలేదు. ఒక మూల కూలబడ్డాడు.

డేరాలు కిరాయికిచ్చే అతను రెండేళ్ల కింద ఉద్యమం కోసమని కిరాయి లేకుండా వేసిన డేరా ఇది. వానకు కారనిది అతని దగ్గర ఇదొక్కటే. రేపు కూతురు అర్షీన్ నిఖా. రాత్రి నుంచి ముసురు. తెలంగాణ ఎప్పుడొస్తుందని అడగడం అతను మానేసి చాలా కాలమైంది.

"ఏం ఫక్రుద్దీనూ, ఉపాసం మేముంటే మొహం నీది పీక్కపోయిందేంది?" అన్నది చంద్రవ్వ. అంగట్లో కూరగాయలమ్మే ముసలామె, గంపమీద కప్పే ప్లాస్టిక్ పట్టానే మడిచి కింద వేసుకుని కూచుంది.

"పెండ్లి పనులు చంద్రవ్వా. నిద్ర లేదు." డేరా సంగతి నోటికి రాలేదు.

సమ్మెలో ఉన్న బడి సారు సామ్యూల్, ఆకలి మరిపించడానికి ఎప్పుడో చదివిన కథ చెబుతున్నాడు. అమెరికాలో జూనీ అనే జాతి వాళ్లదట.

"వాళ్ల ముందటోళ్లు భూమి లోపల నాలుగు అంతస్తుల కింద, చీకట్ల ఉండెటోళ్లట. సూర్యుడు తన ఇద్దరు కొడుకులను తోలితే, వాళ్లు చెట్లను నిచ్చెనలు చేసి అందరిని పైకి తెచ్చిన్రు. తొల్త ఎండ జూసేసరికి కండ్లపొంటి నీళ్లు కారినయి. ఆ నీళ్లు పడ్డ జాగల పువ్వులు మొలిచినయి."

"మన కండ్లనీళ్లకు గడ్డి గూడ మొలుస్తలేదు గద సారూ!" అన్నది చంద్రవ్వ. ఒకరిద్దరు నవ్వబోయి ఆవలించారు.

"గప్పుడు, భూమికి నడుమ ఏడుంటదో గాడనే బతకాలని బయలెల్లిన్రు. ఇదే నడుమ అనుకొని ఇండ్లు కట్టుకుంటరు. కొన్నేండ్లకు భూమి గడగడ వణుకుతది, ఇది కాదన్నట్టు. మళ్ల మూటలు కట్టుడే."

"ఎన్నిసార్లు?" అని అడిగాడు ఫక్రుద్దీన్.

"మస్తు సార్లు."

గుంజలు పీకి, గుంతలు పూడ్చి, ఇంకోచోట మళ్లీ తవ్వినవాళ్ల భుజాలు ఎట్లా ఉంటాయో అతనికి తెలుసు.

"ఆఖరికి ఎట్ల దొరికింది సారూ?"

"నీళ్లమీద ఉరికే పొడుగు కాళ్ల పురుగు లేదా? దాన్ని అడిగిన్రు. అది నాలుగు దిక్కుల సముద్రాల దాక కాళ్లు చాపింది. దాని గుండె ఆనిన జాగనే నడుమ. ఇప్పటికీ గాడనే ఉన్నరు."

ఫక్రుద్దీన్ తలెత్తి నడిమి గుంజను చూశాడు. ఈ డేరా వేసిన రోజు నాలుగు మూలల నుంచి ఎదురెదురుగా తాళ్లు లాగి, అవి కలిసినచోట తనే గడ్డపార దించాడు.

నిమ్మరసాలు అయిపోయాయి. "చంద్రవ్వా, డేరా పట్కపోవాల్నే. రేపు అర్షీన్ నిఖా" అన్నాడు నేల చూస్తూ.

అందరూ తలెత్తి చూశారు. పైన వాన చప్పుడు.

"పొద్దుగాలనే చెప్తే ఏం పోయింది నీకు? పట్కపో. పెండ్లిపిల్ల తడవాల్నా?" అని చంద్రవ్వే లేచింది.

తాళ్లు విప్పారు. గుడ్డ కిందికి దిగింది. సామ్యూల్ నడిమి గుంజ పీకబోయాడు.

"దాన్ని ఉండనియ్యి సారూ."

"గుంజ లేకుంటే నీ డేరా ఎట్ల నిలవడ్తది భాయ్?"

"ఇంటికాడ బొంగు ఏదన్న జూసుకుంట. గీడ మళ్ల గుంత తవ్వుడు నాతోని కాదు."

చంద్రవ్వ తన పట్టా దులిపి ఒక కొసను గుంజకు చుట్టింది. రెండో కొసను ఫక్రుద్దీన్ లాగి, శిబిరం పక్కనున్న గోడ మేకుకు కట్టాడు. ముడి వదులైందేమోనని ఒకసారి గుంజి చూసి, తడిసి బరువెక్కిన గుడ్డను భుజానికెత్తుకున్నాడు.