తువ్వాలు కింద చేతులు

బాలికల హోమ్ చేర్పు గదిలోకి వచ్చే ఆడపిల్లలు చెప్పులతోపాటు చేతులు కూడా విప్పి అరలో పెడతారు. మణికట్టు దగ్గర కాస్త తిప్పితే చాలు, ఊడి వస్తాయి. నొప్పి ఉండదు. హోమ్ నుంచి వెళ్లేటప్పుడు ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తారు.

ఆ గదికి పెద్ద వరహాలమ్మ. ప్రొబేషన్ ఆఫీసర్లు పిల్లలతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని చూడడం, పొరపాటు జరిగితే సరిదిద్దడం ఆమె ఉద్యోగం. మాట్లాడడమంటే నోటితో కాదు. ఆమె తండ్రి సంతలో ఎడ్ల బేరగాడు. పదిమందిలో ధర పైకి అనకుండా, తువ్వాలు కింద అవతలివాడి వేళ్లు పట్టుకుని బేరం తెంపేవాడు. ఆ పద్ధతినే కూతురు ఈ గదికి తెచ్చింది. ఆఫీసరు పిల్ల చేతిని తువ్వాలు కిందికి రానిచ్చి, తన చెయ్యి అందించి, ఏ ఇంటికి పంపమంటావని అడుగుతుంది. బొటనవేలు పట్టుకుంటే అమ్మ. చూపుడువేలు నాన్న. మధ్యవేలు అమ్మమ్మ. చిటికెనవేలు పట్టుకుంటే ఎవరూ లేరని. నోళ్లు ఆఫీసరుకు నచ్చింది చెబుతాయి. చేతులకు ఆ మర్యాద తెలియదు.

నూకరత్నం ప్రొబేషన్ ఆఫీసరుగా కొత్తగా చేరినప్పుడు ఈ విద్య నేర్పింది వరహాలమ్మే. ఎద్దుల వాసన ఇంకా పోని తండ్రి ఎర్రగళ్ల తువ్వాలును కూడా ఆ అమ్మాయికే ఇచ్చింది. ఇప్పుడు చూసుకుంటే అంతా నష్టమే. అరలో చేతులన్నీ నూకరత్నం బల్ల వైపే తిరిగి ఉంటాయి. వరహాలమ్మ వాటిని తన వైపు సర్దుతుంది. ఆమె వీపు తిప్పగానే గోళ్లతో చెక్కను గీరుకుంటూ మళ్లీ అటే తిరుగుతాయి. తన కొట్టుకు ఎదురుగా తనే ఇంకో కొట్టు పెట్టించి, గిరాకీ అంతా అటు పోతుంటే చూస్తూ కూర్చున్నట్టుంది ఆమెకు.

ఈ రోజు వచ్చిన పిల్ల పేరు పైడితల్లి. ఎవరింటి తాళమో పగలగొట్టి, ఏమీ తియ్యకుండా లోపల నిద్రపోయింది. కాసేపట్లో బోర్డు కూర్చుంటుంది. ఏ ఇంటికి పంపాలో తేలితే బోర్డు మేడమ్ ముద్ర వేస్తుంది, పిల్ల వెళ్లిపోతుంది. ఒకసారి ముద్ర పడితే ఆ ఇల్లు మారదు. అది ఎలాంటి ఇల్లయినా సరే.

"నాకు ముక్కు దురదెడతంది. ఎవులైనా గోకండి," అంటుంది పైడితల్లి.

వరహాలమ్మ లేవబోతుంది. పిల్ల అప్పటికే నూకరత్నం వైపు మొహం చాచింది. నూకరత్నం గోకుతుంది.

"ఇంకాస్త కిందకి. ఆ... మీకు బాగా సేతనవుతాది."

వరహాలమ్మ కుర్చీ కొంచెం పొట్టిదవుతుంది. ఇది రోజూ ఉన్నదే.

నూకరత్నం అరలోంచి పిల్ల కుడిచెయ్యి తీసి తువ్వాలు కప్పుతుంది. పక్కన కూర్చుని చూసేవాళ్లు తువ్వాలు అంచు దాటకూడదు. పిలవని చెయ్యి లోపలికి వెళితే అది అరకే దఖలు. ఆ రూలు పెట్టింది కూడా వరహాలమ్మే.

తువ్వాలు కింద ఏదో కదులుతుంది. నూకరత్నం మొహం విచ్చుకుంటుంది. వరహాలమ్మ కుర్చీ ఇంకా దిగి, ఆమె గడ్డం బల్లకు ఆనుతుంది. తువ్వాలు అంచు సరిగ్గా కళ్లముందుంది. ఇంత అనుభవం పెట్టుబడి పెట్టి ఒక్క పిల్ల వేలికి నోచుకోనా అనుకుని, చెయ్యి లోపలికి పోనిస్తుంది.

లోపల చాలా చోటుంది. గడ్డి వాసన, దూరంగా మువ్వల చప్పుడు. మోచెయ్యి దాకా వెళ్లినా అవతలి అంచు తగలదు. అప్పుడు ఒక చెయ్యి వచ్చి ఆమె బొటనవేలిని పట్టుకుంటుంది. వెచ్చగా, వదలకుండా.

"అమ్మ ఇంటికి," అని వరహాలమ్మ పైకి చెప్పేస్తుంది.

బోర్డు మేడమ్ గది మూలనున్న బీరువా తలుపు తీసుకుని బయటికి వచ్చి, సరేనని ముద్రను నాలుకతో తడుపుకోవడం మొదలుపెడుతుంది.

పైడితల్లి చెయ్యి తువ్వాలు కిందనుంచి జారి బల్లమీద పడి, పిడికిలి బిగించి, చిన్నదవుతూ పోతుంది. కాసేపట్లో అది చంటిపిల్ల చెయ్యంతే ఉంటుంది.

నూకరత్నం వరహాలమ్మ చెవి దగ్గరికి వంగుతుంది. "పిల్ల పట్టుకున్నది నా మధ్యవేలు, మేడమ్. అమ్మమ్మ. అమ్మ ఇంట్లోంచే కదా పారిపోయొచ్చింది."

"మరి నా బొటనవేలు?"

"అది పట్టుకున్నది నా ఎడమచెయ్యండి. మీది దారి తప్పి వచ్చిందేమో అనుకుని పలకరించాను. ఆ వేలికి అర్థం మీరే చెప్పారు కదా."

వరహాలమ్మ తూకం వేస్తుంది. ఒక పళ్లెంలో పిల్లని పెడుతుంది. రెండో పళ్లెంలో తన చెయ్యి, ఇన్నేళ్ల పెద్దరికం, నూకరత్నం ముందు తల దించడం, అన్నీ పేరుస్తుంది. ఎంత పేర్చినా ముల్లు పిల్ల వైపే వాలుతుంది.

"ముద్ర ఆపండి," అంటుంది. "పిలవకుండా చెయ్యి పెట్టాను. ఎవరి చెయ్యో చూసుకోకుండా ధర చెప్పేశాను. అమ్మమ్మ అని వెయ్యండి."

చెప్పి, కుడిచెయ్యి తిప్పి ఊడదీసి అరలో పెడుతుంది. బోర్డు మేడమ్ అమ్మమ్మ ఇంటికి ముద్ర వేసి, బీరువాలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. పైడితల్లి చెయ్యి పెరిగి తన కొలతకు వస్తుంది. పిల్ల రెండు చేతులూ తొడుక్కుని, ముందుగా తన ముక్కు తనే గోక్కుంటుంది.

అరలో వరహాలమ్మ చెయ్యి చెక్కమీద గీరుకుంటూ నూకరత్నం వైపు తిరుగుతుంది.

అరలో ఉన్న ఏ చేతినైనా అడగాల్సిందే. నూకరత్నం దాన్ని తీసి తువ్వాలు కప్పుతుంది. వింటున్నట్టు చాలాసేపు తల ఊపుతుంది. ఒకసారి నవ్వుతుంది కూడా.

"ఏ వేలు పట్టుకుంది?" అంటుంది వరహాలమ్మ.

"అది దానికీ నాకూ మధ్య, మేడమ్. రూలు మీదే."

వరహాలమ్మ లోకంలో ఎవరినీ చూసి కుళ్లుకోలేదు, ఇప్పుడు తన చేతిని చూసి కుళ్లుకున్నంత.

తువ్వాలు మధ్యలో మూపురం లేస్తుంది. బల్ల నాలుగు కాళ్లకూ గిట్టలు మొలుస్తాయి. ఎర్రగళ్ల ఎద్దు నెమరు వేస్తూ గది దాటుతుంది. పైడితల్లి దాని మీద ఎక్కి కూర్చుంటుంది. నూకరత్నం ఎడమ మణికట్టు ఖాళీగా ఉంది. ఎద్దు మెడలో గంట ఉండాల్సిన చోట రెండు చేతులు వేలాడుతున్నాయి. ఒకటి రెండోదాని బొటనవేలు పట్టుకుని ఉంది. ఏది ఎవరిదో చూడాలని వరహాలమ్మ పొట్టి కుర్చీలోంచి మెడ చాస్తుంది. ఎద్దు అడుగు వేసినప్పుడల్లా అవి తలుపుల మీద తడుతున్నాయి, తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి.