పద్దెనిమిదో రోజు దాటాక

పెట్టె మూత ఎత్తగానే వెచ్చని తేమగాలి ముఖానికి తగిలింది. ఆమె చేతులు పొడిబట్టతో తుడుచుకుని, మొదటి వరుసలోని మొదటి గుడ్డును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా తిప్పింది. ప్రతి గుడ్డుమీదా పెన్సిలుతో ఒకవైపు సున్నా, మరోవైపు ఇంటూ గుర్తు తన చేత్తోనే వేసుకుంది. పొద్దున సున్నా పైకి వస్తే మధ్యాహ్నం ఇంటూ, పడుకోబోయే ముందు మళ్ళీ సున్నా. రోజుకు మూడుసార్లు తిప్పితే ఏ గుడ్డూ రెండు రాత్రులు వరుసగా ఒకే పక్కమీద పడి ఉండదు. ఒకే పక్కమీద ఉండిపోయిన ప్రాణం పెంకుకు అంటుకుపోతుంది. అంటుకుపోయినది ఇక లేవదు. నూట ఎనభై గుడ్లు, పద్దెనిమిది రోజులు. ఆ తర్వాత మూడు రోజులు మాత్రం వాటిని ముట్టుకోకూడదు, మూత తీయకూడదు. లోపలి పిల్ల తనంతట తాను తిరిగి, ముక్కు గాలివైపు పెట్టుకుని, బయటికి వచ్చే దారి వెతుక్కునే కాలమది. అప్పుడు పెట్టెలోని తేమ ఒక్క చుక్క తగ్గినా ఆ దారి మూసుకుపోతుంది. పద్దెనిమిది రోజులు మనిషివి, మూడు రోజులు దేవుడివి అని ఆమె మనసులో ఒక పంపకం చేసుకుని ఉంది. దేవుడి వాటాలో ఎన్నడూ వేలు పెట్టలేదు.

ఈ విద్య ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. రెండేళ్ళు వరుసగా పంట చేతికి రానప్పుడు, ఆమె తల్లి ఒక పొదుగు కోడిని, పన్నెండు గుడ్లను గంపలో పెట్టి, ఆ గంపను బస్సులో ఒళ్ళో మోసుకొచ్చి దింపింది. "దాన్ని చూస్తూ కూర్చో. అది చెప్పనిది పుస్తకంలోనూ ఉండదు" అంది. ఆమె చూస్తూ కూర్చుంది. కోడి ముక్కుతో గుడ్లను ఎప్పుడెప్పుడు దొర్లిస్తున్నదో, ఏనాటి నుంచి దొర్లించడం మానేసిందో గమనించింది. తర్వాత పాత చెక్కపెట్టె ఒకటి, రెండు బల్బులు, నీళ్ళ పళ్ళెం, థర్మామీటరు. కరెంటు పోతే పెట్టెకు దుప్పట్లు చుట్టి వేడినీళ్ళ సీసాలు పెట్టేది. ఏడోనాడు ప్రతి గుడ్డునూ టార్చిలైటు ముందు పట్టుకుని, లోపల ఎర్రటి సన్నని నరాలు అల్లుకున్నవాటిని ఉంచి, అల్లుకోనివాటిని తీసేసేది. మూడేళ్ళు తిరిగేసరికి చుట్టుపక్కల రైతులు నాటుకోడి పిల్లల కోసం ఆ ఇంటి ముందు వరుసకట్టారు. ఇంటి కప్పు మారింది, చేలోకి మోటారు వచ్చింది, పిల్లలిద్దరూ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. ఆమె భర్తకు 'పొదుగుపెట్టె ఆయన' అని పేరొచ్చింది. వీధి చివరి కొట్టువాడు అతన్ని చూస్తే చాలు, "ఏం బావా, ఈ విడత ఎంతమందిని కన్నావు?" అనేవాడు. "నా కాన్పుల సంగతి నీకెందుకురా, ఉప్పు పొట్లం కట్టు" అని అతడూ నవ్వేవాడు. ఆమె ఆ పక్కనే సంచీ పట్టుకుని నిలబడి ఉండేది. ఆ నవ్వులో ఆమెకు వాటా ఉండేది కాదు. సంచీ బరువులో ఉండేది.

వ్యవసాయ అధికారి ఎక్కడికైనా పిలిచి నాలుగు మాటలు చెప్పమంటే, ముందురోజు సాయంత్రం అతడు భార్య పక్కన కూర్చుని అన్నీ అడిగి తెలుసుకునేవాడు. మర్నాడు జనం ముందు 'నేను తిప్పుతాను, నేను చూస్తాను' అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు ఆమె తలెత్తి అతనివైపు చూసింది. తర్వాత అదీ మానుకుంది. ఇల్లు శుభ్రంగా ఉంటే ఎవరు ఊడ్చారని ఎవరూ అడగరు కదా, ఇదీ అంతే అనుకుంది. అతడు దుర్మార్గుడు కాడు. కొట్టడు, తిట్టడు. ఆమె చేసిన పని గాలిలాంటిదని, దానంతటదే వీస్తుందని నమ్మాడు, అంతే.

ఈ విడత పదకొండో రోజున తమ్ముడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. అమ్మకు ఆయాసంగా ఉందనీ, వీలైతే ఒకసారి వచ్చి చూడమనీ చెప్పాడు. ఆమె ఫోను పెట్టేసి భర్త ముఖంలోకి చూసింది. అతడు అన్నం తింటున్నాడు.

"పద్దెనిమిదో రోజు దాటాక వెళ్దువుగాని. ఈలోగా ఏమీ కాదులే" అన్నాడు.

"వారం రోజులు మీరు తిప్పలేరా? నేను చూపిస్తాను."

"నాకు ఆ ఓపిక ఎక్కడిది? ఒకటి పగిలితే మళ్ళీ నన్నే అంటావు."

అత్తగారు గుమ్మం దగ్గర నుంచే అందుకుంది. "ముసలి ప్రాణం అంత తొందరగా పోదే అమ్మాయ్. నన్ను చూడు, పదేళ్ళ నుంచి పోతానంటున్నాను."

ఆ సాయంత్రం ఆమె తల్లితో మాట్లాడింది. తల్లి గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంది. ఒంట్లో ఎలా ఉందని కూతురు అడిగేలోపే తల్లి అడిగింది.

"గుడ్లు ఎన్నో రోజు?"

"పదకొండమ్మా."

"అయితే కదలకు. పద్దెనిమిదో రోజు దాటాక రా. నాకేం కాదు, నేను లెక్కపెట్టుకుంటూ ఉంటాను."

భర్త అన్నదీ ఆ మాటే, తల్లి అన్నదీ ఆ మాటే. అక్షరం తేడా లేదు. అయినా ఒకటి విన్నప్పుడు తాను పెట్టెకు కట్టేసిన మనిషిననిపించింది. మరొకటి విన్నప్పుడు, ఈ లోకంలో తన పనిని పని అని ఎంచిన మనిషి ఒకరున్నారనిపించింది. ఆమె రోజులు లెక్కపెట్టుకుంది. తల్లీ అక్కడ లెక్కపెడుతున్నదని తలచుకుంటే, గుడ్లు తిప్పేటప్పుడు పక్కన మరో చేయి ఉన్నట్టుండేది.

పద్దెనిమిదో రోజు ఉదయం ఆఖరిసారి గుడ్లు తిప్పి, నీళ్ళ పళ్ళెం అంచులదాకా నింపి, పక్కన తడిగుడ్డ ఉంచి, మూత దించింది. భర్తను పిలిచి మూతమీద చెయ్యి వేసి చెప్పింది.

"మూడు రోజులు దీన్ని తీయకండి. లోపల అరుపులు వినిపిస్తాయి. వినిపించినా తీయకండి. ఎవరొచ్చినా తీయకండి."

"ఎన్నిసార్లు చెప్తావే? నాకు తెలియనిదా? ఊరందరికీ చెప్పేది నేనే కదా" అన్నాడతడు.

బస్సు దిగి పుట్టింటి వీధి మలుపు తిరిగేసరికి వాకిట్లో మనుషులు నిలబడి ఉన్నారు. నిలబడిన తీరులోనే ఆమెకు అర్థమైంది. తెల్లవారుతుండగానే పోయిందట. బస్సెక్కే ఉంటావు, దారిలో ఒంటరిగా ఏడుస్తావని ఫోను చేయలేదని తమ్ముడు చెప్పాడు. ఆమె ఏడవలేదు. తల్లి పాదాల దగ్గర కూర్చుని, వాటిని రెండు చేతుల్లోకి తీసుకుంది. నిమిషానికోసారి అరచేతులు మార్చి మార్చి ఆ పాదాలను ఒత్తింది. చల్లబడుతున్నవాటికి వేడి అందించడం ఆమె చేతులకు అలవాటు. ఈ ఒక్కచోట ఆ చేతులకు పని లేదని తెలియడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు తల్లి గదిలో మంచం ఎత్తుతూ తమ్ముడి భార్య పిలిచింది.

"వదినా, ఇలా రండి. ఇది చూశారా?"

మంచం తల దగ్గర సున్నం వేసిన గోడమీద బొగ్గుతో గీసిన నిలువు గీతలు. మొదటి పదకొండు ఒకేసారి గీసినట్టు ఒత్తుగా, తిన్నగా ఉన్నాయి. ఆ తర్వాతివి ఒక్కొక్కటీ వేరువేరుగా, రానురాను పొట్టిగా, వంకరగా.

"ఇవేమిటత్తయ్యా, గోడంతా పాడుచేస్తున్నారంటే, నా కూతురి లెక్క అన్నారు. మొన్న బాగా ఆయాసం వచ్చినప్పుడు ఫోను చేస్తానంటే నా చెయ్యి పట్టేసుకున్నారు వదినా. పొదుగుమీద ఉన్నదాన్ని లేపకూడదే, పాపం తగులుతుంది అన్నారు."

ఆమె గీతలమీద వేలుపెట్టి లెక్కించింది. పదిహేడు. పదిహేడో గీత పక్కన మరొక గీతకు సరిపడా చోటు తెల్లగా మిగిలి ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు. గోడకు నుదురు ఆనించి, శబ్దం రాకుండా ఏడ్చింది. ప్రాణం పోస్తున్నానని గర్వపడిన పద్దెనిమిది రోజులూ ఆ గోడమీద ఒక ప్రాణం గీత గీతగా తరిగిపోయింది. రెండింటికీ లెక్క ఒక్కటే అయింది. ఇంత సరిగ్గా కొలిచి పెట్టినవాడిని ఏమని ప్రార్థించాలో ఆమెకు ఆ క్షణాన తోచలేదు.

మర్నాటి సాయంత్రం భర్త ఫోను చేశాడు. "రేపు పిల్లలు దిగే రోజు. నువ్వు లేకపోతే ఎలా? పోయినావిడ ఎలాగూ పోయింది" అన్నాడు. ఆమె ఇరవై ఒకటో రోజు పొద్దుటి బస్సుకు బయల్దేరింది.

ఇంట్లోకి అడుగుపెట్టగానే నిశ్శబ్దం చెప్పింది. ఆ రోజున పెట్టె ఉన్న గది గోలగోలగా ఉండాలి. మూత తీసింది. ఏడోనాటి ఏరివేత పోగా నిలిచిన నూట ఎనభై గుడ్లలో పదిహేను పిల్లలు బయటికి వచ్చి, ఒకదాన్నొకటి ఆనుకుని వణుకుతున్నాయి. తక్కిన గుడ్లు కొన్ని చిన్న కన్నం పడి అక్కడే ఆగిపోయాయి. మరికొన్నిటికి కన్నమే పడలేదు.

పిల్ల దిగని గుడ్లను పగలగొట్టి చూడటం ఆమె పద్ధతి. ఏనాడు ఆగిపోయిందో తెలిస్తేనే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. వాకిట్లో గోనెపట్టా పరిచి కూర్చుని ఒక్కొక్కటే విప్పింది. అన్నీ నిండుగా ఎదిగిన పిల్లలు. కళ్ళు, గోళ్ళు, తడి నూగు అన్నీ అమరినవే. పెంకు లోపలి సన్నని పొర ఎండి, కాగితంలా బిగిసి, రెక్కలనూ ముక్కునూ చుట్టేసింది. బయటపడేందుకు తిరగబోయి, తిరగలేక, లోపలే ఊపిరాగి పోయాయి. ఇది తేమ పోవడం వల్ల మాత్రమే జరుగుతుంది. తేమ మూత తీస్తే తప్ప పోదు.

అత్తగారు పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"అయ్యో, ఎంత ముచ్చటపడ్డారే మొన్న వచ్చినవాళ్ళు. పక్క ఊళ్ళ రైతులంట, పాతికమంది. ఆ అధికారే తీసుకొచ్చాడు. ఒక్కొక్కరూ గుడ్డు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని, లోపల పిల్ల అరుస్తోంది, పిల్ల అరుస్తోంది అంటూ ఒకటే సంబరం. ఫోటోలు కూడా తీశారు. మావాడు ఎంత చక్కగా చెప్పాడనుకున్నావు!"

ఆమె తలెత్తి భర్తవైపు చూసింది. అతడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అంతదూరం నుంచి వచ్చినవాళ్ళకు పెట్టె మూత చూపించి పంపమంటావా? కాసేపే కదా తీసింది" అన్నాడు. కొంచెం ఆగి, "అయినా, నువ్వు ఇంట్లో ఉంటే ఇలా అయ్యేదా?" అన్నాడు.

"అవును మరి. పోయినవాళ్ళ దగ్గరికి పరిగెత్తి ఉన్నవాటిని పోగొట్టుకుంది" అంది అత్తగారు.

ఆమె మళ్ళీ గోనెపట్టామీదికి వంగింది. చేతిలో ఉన్న గుడ్డుమీద పెన్సిలు ఇంటూ గుర్తు ఇంకా స్పష్టంగా ఉంది. పద్దెనిమిదో రోజు పొద్దున, తల్లి చివరి ఊపిరి పోయిన కాసేపటికి, ఇదే గుర్తును తాను పైకి తిప్పింది. ఏ ఒక్క గుడ్డునూ మరచిపోలేదు. మనిషి వాటా పూర్తిగా చెల్లించింది. దేవుడి వాటాలో చెయ్యి పెట్టింది ఎవరో, ఆ తప్పు ఎవరి పేరుమీద పడిందో వాకిలంతా పరుచుకుని ఉంది. ఇన్నాళ్ళూ మంచి అతనికి వెళ్ళినా ఆమె ఊరుకుంది. ఇప్పుడు చెడు తన దగ్గరికి వచ్చింది. పేరు ఒకరిది, నింద ఒకరిది అయినప్పుడు ఆ పని ఎవరిదన్న ప్రశ్న ఆమె మనసులో మొదటిసారి పూర్తి వాక్యంగా నిలబడింది. ఆ నూట అరవై అయిదు పిల్లలను గోనెపట్టాలో చుట్టి, పెరటి చివర గొయ్యి తీసి తానే పూడ్చింది. తల్లి దగ్గర రాని మంత్రం ఏదో అక్కడ పెదవులమీదికి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం భర్త ట్రేలతో కొత్త గుడ్లు తెచ్చాడు.

"జరిగింది జరిగిందిలే. ఇవి పెట్టు. ఈసారి జాగ్రత్తగా ఉండు."

ఆమె పెట్టె తుడిచింది. బల్బులు వెలిగించి, పళ్ళెంలో నీళ్ళు పోసి, వేడి సరిపోయేదాకా చూసింది. మొదటి గుడ్డు తీసుకుని ఒకవైపు సున్నా, మరోవైపు ఇంటూ వేసి లోపల పెట్టింది. తర్వాత పెన్సిలు భర్త చేతికిచ్చింది.

"తక్కినవాటికి మీరు వేయండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి తిప్పాలి. ఏడోనాడు టార్చిలైటుతో చూడాలి."

అతడు పెన్సిలును చేతిలో అటూఇటూ తిప్పాడు. "మరి నువ్వు?"

"అమ్మ ఇంటికి వెళ్తున్నాను. ఇరవై ఒక్క రోజులుంటాను."

"అమ్మే లేదు కదే. అక్కడ ఎవరున్నారని?"

"గోడమీద ఒక గీత మిగిలిపోయింది."

అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకుంటాడని ఆమె ఆగనూ లేదు. లోపలికి వెళ్ళి రెండు జతల బట్టలు సంచీలో సర్దుకుని వచ్చేసరికి, అతడు పెట్టె ముందు గొంతుక్కూర్చుని, రెండో గుడ్డును ఎటు పట్టుకోవాలో తెలియక చూస్తున్నాడు. అత్తగారు ముక్కాలిపీట మీంచి లేచి గుమ్మానికి అడ్డంగా వచ్చింది. ఆ ముఖంలో ఈసారి వెటకారం లేదు, నిజమైన భయమే ఉంది.

"అన్ని రోజులే? నాకసలే ఒంట్లో బాగుండట్లేదు. ఈలోగా నాకేదైనా అయితేనో?"

ఆమె సంచీ ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుంది. గొంతులో కోపం లేదు. మెల్లగా, గుడ్డు తిప్పినంత మెల్లగా చెప్పింది.

"పద్దెనిమిదో రోజు దాటాక వస్తాను అత్తయ్యా. ఈలోగా ఏమీ కాదులెండి."