చేట అంచుకు చుట్టిన పేలిక

మెట్‌పల్లిలో వజీరున్నీసా ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్లలో నర్మదది అందరికంటే వేగమైన చేయి. ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు, నోట్లో వాడకట్టు ముచ్చట్లు. అలాంటి మనిషి కొద్దిరోజులుగా నోరు కట్టేసుకుని కూర్చుంటోంది. ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ చేతికి తగులుతోంది మరి.

చేట అంచు ఒరుసుకుని అయ్యిందని తనకు తానే తేల్చేసుకుంది. పొద్దంతా వంగి పని చేస్తే అంచు నొక్కుకునే మాట నిజమే. కానీ అంచుకే గడ్డలు లేచేటట్లయితే మెట్‌పల్లిలో సగం మంది ఆడవాళ్లకు లేవాలి కదా! నర్మదకు ఇది తెలియక కాదు, ఒప్పుకోవడానికి ధైర్యం చాలలేదు. అంచు చుట్టూ పాత చీర పేలిక చుట్టింది. గడ్డకు పసుపు పట్టించింది. అది తగ్గలేదు.

ఆ వారమే ఆశా కార్యకర్త మమతారాణి అరుగు దగ్గరికి వచ్చి, శుక్రవారం సర్కారు దవాఖానలో రొమ్ము పరీక్షలు చేస్తారు, రమ్మని చెప్పింది. ఒక్కరూ తల ఎత్తలేదు. పరీక్షకు పోయినామెకే రోగముందని వాడంతా అనుకుంటుందని ఎవరి భయం వాళ్లది.

"నాకేం రోగం? మంచిగనే ఉన్న," అన్నది నర్మద అందరికంటే ముందు.

వజీరున్నీసా చూపు మాత్రం నర్మద చేట మీదే ఆగిపోయింది.

సాయంత్రం అందరూ లేచాక నర్మదను లోపలికి పిలిచి తలుపు గడియ పెట్టింది.

"చేటకు పేలిక ఎందుకు చుట్టినవ్?"

"అంచు గుచ్చుకుంటుంది ఆపా."

"గడ్డ ఎప్పటిసంది ఉన్నది?"

నర్మద కొంగు గుండెల మీదికి లాక్కుంది.

వజీరున్నీసా తోటి ఆడవాళ్ల ముందు కూడా దుపట్టా జారనివ్వని మనిషి. అలాంటి ఆమె నిలబడి కుర్తా పైకెత్తింది. కుడి రొమ్ము లేదు. చంక దాకా కుట్ల గీత ఉంది. ఏం గుండె ఆమెది! సొంత కోడలికి కూడా చూపించని గాయాన్ని నర్మద ముందు పెట్టింది.

"నేను నిజామాబాద్‌ల మా అక్క తాన ఉన్ననని చెప్పిన గదా, అప్పుడు హైదరాబాద్ దవాఖానల ఉంటి. నేను గూడ చేట అంచే అనుకున్న. నేను గూడ పేలిక చుట్టిన. దవాఖానకు పోకుండ ఏడాది జరిపిన."

నర్మద అక్కడే కూలబడి ఏడ్చింది. "భయమైతుంది ఆపా. అదే రోగమంటే నా పిల్లలెట్ల?"

"భయం నాకు లేకుండెనా? నీ ఎంబడి నేనొస్త."

శుక్రవారం పొద్దున వజీరున్నీసా అరుగు మీద నిలబడి, దాచుకున్నదంతా అందరి ముందూ చెప్పేసింది. "రోగమొచ్చింది, బతికిన. నేను, నర్మద పోతున్నం. వచ్చేటోళ్లు రండి."

ఒకామె చేట పక్కన పెట్టి, "ఆపాకే సిగ్గు లేనప్పుడు నాకేం సిగ్గు," అంటూ లేచింది. ఆమె వెనకే ఇంకొకరు, వాళ్ల వెనకే మిగిలినవాళ్లు. ఆశా కార్యకర్త పిలిస్తే తల ఎత్తని ఆడవాళ్లంతా ఆ రోజు వరుసలో నిలబడ్డారు.

నర్మదను సూది పరీక్షకు కరీంనగర్ పంపారు. ఫలితం చెప్పిన రోజు కూడా వజీరున్నీసా పక్కనే కూర్చుంది.

"కాన్సరే. కాని తొందరగ వచ్చిండ్రు," అన్నది డాక్టరమ్మ. "గడ్డ మటుకు తీస్తం. రొమ్ము తీసే పని లేదు. తర్వాత చికిత్స ఉంటది, మంచిగైతది."

నర్మదకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే పక్కనున్న మనిషి గుర్తొచ్చి, సంతోషపడటానికే సిగ్గేసింది.

"ఎందుకు ఆపుకుంటవ్? నవ్వరాదూ," అన్నది వజీరున్నీసా.

"నీకు గిట్లెందుకు కాలే ఆపా?"

వజీరున్నీసా ఆమె కళ్లు తన దుపట్టాతో తుడిచింది.

"నాకు చెప్పేటోళ్లు లేకుండిరి బిడ్డా."