ఫోన్ నంబరు అడగని గది

దుప్పటి మడతపెడుతుంటే ఫోన్ మోగింది. రెండు చేతులా అంచులు పట్టుకుని, మధ్య మడతని గడ్డంతో నొక్కిపెట్టి, మంచం మీదున్న ఫోన్లోకి తొంగిచూశాను. మా సాఫ్ట్‌వేర్ గుంపంతా మాట్లాడుకునే చాట్ సర్వీసుని ఆరు వారాల్లో మూసేస్తున్నారట. దాని కిందే మా గుంపుని నడిపే ఇంజనీరు మెసేజ్: "అక్కా, ఇలాంటివి ఓపిగ్గా చూడాలంటే మీరే. ఉన్నవన్నీ వాడి చూసి, మంచీచెడూ ఒక పట్టికలా వేసి పెట్టండి. వచ్చే నెల మీటింగులో మేం డిసైడ్ చేసేస్తాం."

మీరు చూడండి, మేం డిసైడ్ చేస్తాం. ఈ మాట నాకు కొత్తేం కాదు. ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు కర్టెన్ల కోసం నాలుగు షాపులు తిరిగి గుడ్డముక్కలు తెచ్చింది నేను. సోఫాలోంచి లేవకుండా "అదిగో, ఆ నీలంది" అని వేలు చూపించింది మా ఆయన. చుట్టాలొచ్చినప్పుడల్లా కర్టెన్లు బావున్నాయంటే "నా సెలక్షనే" అంటాడు. అబద్ధం కూడా కాదది. నాలుగు షాపులు తిరిగిన కాళ్ళ సంగతి ఎవరూ అడగరు, అంతే.

నేనొక కాలేజీలో లైబ్రేరియన్ని. చిన్న చిన్న లైబ్రరీలు పుస్తకాల జాబితా పెట్టుకోవడానికి కొంతమంది కలిసి ఒక సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ తెరిచి చూడొచ్చు, చేతనైతే బాగుచేయొచ్చు. ఆరేళ్ళ కిందట మా లైబ్రరీలో పేర్లు అక్షరక్రమం తప్పి వస్తున్నాయని ఫిర్యాదు రాశాను. ఎవరూ పట్టించుకోకపోతే మొండిగా నేర్చుకుని నేనే దిద్దాను. అలా వాళ్ళలో ఒకదాన్నయ్యాను. ఆ తర్వాత నేను కోడ్ రాసింది తక్కువ. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటినుంచీ చెప్పడం, అడిగిందే మళ్ళీ అడిగినా విసుక్కోకుండా చెప్పడం, మీటింగులో ఎవరేమన్నారో రాసిపెట్టడం, ఇద్దరు మాటామాటా అనుకుంటే విడివిడిగా ఇద్దరికీ సర్దిచెప్పడం, ఇవన్నీ ఎప్పుడు నా పనులయ్యాయో నాకే తెలీదు. ప్రాజెక్టు పేజీలో నిర్వాహకులని ఏడు పేర్లుంటాయి. నాది లేదు. ఒకసారి అడిగితే, ఈ ప్రాజెక్టు మొదలుపెట్టిన ఇంజనీరు ఎంతో మర్యాదగా, "మీది కోడ్ కాదు కదక్కా, సపోర్టు" అన్నాడు. అక్కా అని పిలిచినవాడితో పోట్లాడటం కష్టం. ఆ పిలుపుకి ఆ సౌకర్యం ఉంది.

సరే, చూశాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని లైబ్రరీలోని ముసలి కంప్యూటర్లో ఒక్కో చాట్ తెరిచి చూశాను. నెట్ సరిగ్గా లేకపోతే ఎలా ఉంటుందో బస్సులో చూశాను. పాత మాటలు వెతికితే దొరుకుతాయా, చేరకుండానే చదవొచ్చా, రేపు ఇది కూడా మూతపడితే మన మాటలు మనం తీసుకెళ్ళొచ్చా, అన్నీ రాసుకున్నాను. మూడోదో నాలుగోదో తెరిచినప్పుడు, చేరాలంటే ఫోన్ నంబరు ఇవ్వమంది. అంకెలు కొట్టబోయి ఆగాను. పిచ్చుక గుర్తొచ్చింది.

పిచ్చుక మా గుంపులో ఒకమ్మాయి పెట్టుకున్న పేరు. అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. మా సాఫ్ట్‌వేర్లో పుస్తకం వెతికే భాగమంతా ఆ పిల్ల రాసిందే. కిందటేడు ఒక వర్క్‌షాపు కోసం ఇంజనీరు ఫోన్లో గ్రూపు పెట్టి, మొత్తం ఎనభై మందిని అందులో కలిపాడు. అందరి నంబర్లూ అందరికీ కనిపించాయి. నెల తిరక్కుండా పిచ్చుక మాయమైపోయింది. "ఆడపిల్లలు ఇంతేలే అక్కా, పెళ్ళి కుదిరుంటుంది" అన్నాడు ఇంజనీరు. నేను కూడా నవ్వాను. ఇప్పుడు తల్చుకుంటే అతని మాటకంటే నా నవ్వే ఎక్కువ గుచ్చుకుంటోంది. ఎందుకు నవ్వాను? వాళ్ళలో ఒకదాన్నని చూపించుకోవడానికేనా?

ఆ రోజే తనకి మెయిల్ రాశాను. నీ కోడ్ ఇంకా నడుస్తోంది, నువ్వెందుకు ఆగిపోయావో చెప్పాలనిపిస్తే చెప్పు, అని. మూడోరోజు జవాబొచ్చింది.

"గ్రూపులో నంబరు చూసి ఎవడో రోజూ ఫోన్ చేసేవాడక్కా. ఒకరోజు నాన్న ఎత్తారు. వాడిదే తప్పని ఇంట్లో ఒక్కరూ అనలేదు. లాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. మీకు చెబుదామనుకున్నా. కానీ ఆ గ్రూపు పెట్టింది మీవాళ్ళే కదా."

మీవాళ్ళు. ఆరేళ్ళుగా నేను కోరుకున్న మాట అదే. ఇలా దొరికింది. ఈ సంగతి మీటింగులో చెప్పొచ్చా అని అడిగాను. పేరు లేకుండా చెప్పండి అంది.

మీటింగు ఆదివారం నాలుగింటికి. అదే సమయానికి మా ఆయన స్నేహితులు వస్తామన్నారు.

"ఆ మీటింగు నువ్వు లేకపోతే ఆగిపోతుందా?" అన్నాడు మా ఆయన.

"ఆగదు. అందుకే ఉండాలి."

అత్తయ్య బఠాణీలు వలుస్తూ తలెత్తారు. "జీతమా పాడా, ఎందుకమ్మా నీకీ తలనొప్పి?"

"వంటింట్లో చేసేదానికి మాత్రం జీతమిస్తున్నారా అత్తయ్యా?"

ఆవిడ ఏమంటారోనని ఆగాను. చేతిలో కాయ వలిచి గిన్నెలో వేసి, "అదీ నిజమేలే. టీ నేను పెడతాను, నువ్వెళ్ళు" అన్నారు.

"మీరొద్దు. మీ అబ్బాయికి పొయ్యి వెలిగించడం వచ్చు." గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

తెరమీద నాతో కలిపి పదకొండు మందిమి. ఇంజనీరు నా పట్టిక చూపించి, "ఎంత నీట్‌గా చేశారో చూడండి, అక్కకి థాంక్స్" అన్నాడు. దాన్ని పైనుంచి కిందికి ఒక్క ఊపులో జరిపేశాడు. "కానీ ప్రాక్టికల్‌గా ఆలోచిస్తే ఫోన్లో గ్రూపు అందరికీ అలవాటే. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. సరేనా అందరికీ?"

నేను అలవాటుగా మినిట్స్ రాస్తున్నాను. 'ఫోన్ గ్రూపుకి అందరూ' అని కొట్టి, 'ఒప్పుకున్నారు' అనే మాట దగ్గర వేళ్ళాగిపోయాయి. అందరూ అంటే ఎవరు? మైక్ ఆన్ చేశాను.

"నాకు సరే కాదు" అన్నాను. పిచ్చుక సంగతి పేరు చెప్పకుండా చెప్పాను. నేను ఎంచుకున్న చాట్ గురించీ దాచకుండా చెప్పాను. పాత కంప్యూటర్లో తెరుచుకోవడానికి నిమిషం పడుతుంది, చూడ్డానికి అందంగా ఏమీ ఉండదు. కానీ ఫోన్ నంబరు అడగదు. ఏ పేరుతోనైనా రావచ్చు.

"అది ఒక్క కేసు కదండీ" అన్నారొకరు.

"మనకి తెలిసింది ఒక్కటి."

అనువాదాలు చూసే రిటైరైన ప్రొఫెసరు గారు గొంతు సవరించుకున్నారు. "నంబరు కనబడకుండా దాచుకునే సెట్టింగేదో ఉంటుందేమోనమ్మా?"

"కొన్నిట్లో ఉందండీ, ఎక్కడో లోపల. మొదటిరోజు వచ్చిన అమ్మాయికి ఆ సంగతి ఎవరు చెబుతారు?"

"అక్క ఉందిగా!" అన్నాడొకతను నవ్వుతూ.

సరిగ్గా అప్పుడే బయటనుంచి తలుపు కొట్టి, "చక్కెర డబ్బా ఎక్కడ?" అని అరిచాడు మా ఆయన. పదిమందికీ వినబడింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"వెతుక్కోండి" అని తలుపువైపు అరిచి, తెరవైపు తిరిగాను. "అక్క ఉండదు. పోయినేడాది కొత్తవాళ్ళు అడిగిన ప్రశ్నల్లో పదింట్లో ఎనిమిదింటికి జవాబు నాదే. మొన్న కూర్చుని లెక్క చూశాను. రోజంతా ఆ చాట్ గదిలో ఉండేది నేనైతే, దాని తలుపు ఎలా ఉండాలో మీరు ఓటేస్తారా? ఫోన్ గ్రూపు పెట్టుకోండి, మీ ఇష్టం. నేనందులో ఉండను. నంబరు అడగని గది తెరిస్తే ఉంటాను. కానీ నిర్వాహకుల్లో నా పేరుండాలి. ఎవడైనా పిచ్చివేషాలేస్తే బయటికి పంపే అధికారం నా చేతిలో ఉండాలి, ఎవర్నీ అడగక్కర్లేకుండా."

"అక్కా, ఇది బెదిరిస్తున్నట్టుంది" అన్నాడు ఇంజనీరు. అతని మొహం నిజంగానే చిన్నబోయింది.

"బెదిరింపు కాదు. ఇన్నాళ్ళూ చేస్తున్న పనికి పేరు పెట్టమంటున్నాను."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇదివరకైతే ఆ నిశ్శబ్దాన్ని ఏదో జోకేసి నేనే నింపేదాన్ని. ఈసారి నింపలేదు. చివరికి ప్రొఫెసరు గారు నెమ్మదిగా అన్నారు. "నా క్లాసులోంచి ఎంతమంది అమ్మాయిలు మధ్యలో మానేశారో. ఎందుకని ఒక్కరినీ అడగలేదమ్మా నేను." ఆయనే ముందు చెయ్యెత్తారు. నాతో కలిపి ఏడుగురు ఇటు, ముగ్గురు అటు. ఇంజనీరు ఎటూ ఎత్తలేదు.

"మినిట్స్‌లో ఇది రాశారా అక్కా?" అన్నాడు.

"లేదు. ఇవాళ మాట్లాడాను కదా."

"సరే, నేను రాస్తాను" అన్నాడు.

బయటికొచ్చేసరికి స్నేహితులు వెళ్ళిపోయారు. మా ఆయన మూతి ముడుచుకుని టీవీ చూస్తున్నాడు. సింకు నిండా కప్పులు. అటు వెళ్ళబోయిన కాళ్ళని ఆపి, ఆయన పక్కన కూర్చున్నాను. "టీ ఉందా నాక్కూడా?" అన్నాను. వింతగా చూశాడు. లేచి వెళ్ళి, చల్లారిపోయిన టీని వేడిచేసి తెచ్చాడు. పానకంలా ఉంది. అయినా మొత్తం తాగాను.

గదికి నియమాలు నేనే రాశాను. ఎవరినీ నంబరు అడగకూడదు, ఫొటో అడగకూడదు, ఏ ఊరని అడగకూడదు. అడిగితే ఒక్కసారే చెబుతాం, రెండోసారి బయటికి పంపుతాం. పేజీలో నిర్వాహకులు ఎనిమిదిమందయ్యారు. పిచ్చుకకి గది చిరునామా పంపాను. జవాబు రాలేదు. రమ్మని నేను అడగనూ లేదు. ఆ పిల్ల బీరువా తాళం నా దగ్గర లేదు. గది తలుపు మాత్రం తెరిచి ఉంచగలను.

పై వారం సోమవారం మధ్యాహ్నం లైబ్రరీ కంప్యూటర్లో, చక్రం ఒక నిమిషం గిర్రున తిరిగాక గది తెరుచుకుంది. ఎవరో కొత్తగా వచ్చి ఉన్నారు. మారుపేరే. ఆడో మగో తెలీదు.

"నమస్తే. ఒక సమస్య వచ్చింది. ఇక్కడ అడ్మిన్ సార్ ఎవరండీ?"

పొడుగ్గా ఏదో రాయబోయి చెరిపేశాను. మళ్ళీ రాశాను.

"సార్ ఎవరూ లేరండీ. నేనున్నాను. చెప్పండి."